తల తిరుగుతోందా?

తాళాలక్కకి రక్తపోటు ఉందని తెలిసిన సాయంత్రమే, ఆ రక్తపోటు మీద సొంత చెల్లెలు నడుపుతున్న పరిశోధనలో తనకి చోటు లేదని కూడా తెలిసింది.

చెల్లెలు డాక్టరు. పెద్దాసుపత్రిలో వెనక పదిమందిని వేసుకుని తిరిగే డాక్టరు కాదు. బట్టలుతికే షాపుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న క్లినిక్‌లో కుటుంబ వైద్యురాలు. పసిపిల్లల కడుపునొప్పి నుంచి మంచం దిగలేని ముసలివాళ్ళ ఆయాసం దాకా, ఆ వీధిలో ఎవరికి ఏ నలత చేసినా మొదట తొక్కేది ఆ గడపే. మనిషి పొట్టి కావడంతో అందరూ చిట్టి డాక్టరమ్మ అంటారు. అలమారలో పై అర అందుకోవాలంటే స్టూలెక్కాలి గానీ, రోగాన్ని అందుకోవడానికి ఆవిడకి ఏ స్టూలూ అక్కర్లేదని అక్కడి నర్సు గొప్పగా చెప్పుకుంటుంది.

అక్క తాళాలు బాగుచేస్తుంది. పసితనంలో వచ్చిన విషజ్వరం రెండు చెవులనీ పట్టుకుపోయింది. పెద్దయ్యాక తాళంచెవులు కోసే పని నేర్చుకుని, మార్కెట్ మూల మీద సొంత కొట్టు పెట్టుకుంది. "రెండు చెవులు పోతేనేం, నా గోడ నిండా చెవులే" అని సైగలతో చెప్పడం, ఎదుటివాళ్ళకి అర్థంకాకపోతే పలక మీద రాసి మరీ నవ్వించడం ఆమెకి అలవాటు. బావకీ వినపడదు. బేకరీలో పిండి కలుపుతాడు. ఇద్దరూ పోట్లాడుకుంటే వీధికి చప్పుడు వినపడదు కానీ, కిటికీలోంచి చూస్తే నాలుగు చేతులూ గాలిమరల్లా తిరుగుతుంటాయి.

ఆ సాయంత్రం అక్క తలపోటని వచ్చింది. నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె చూసి ముఖం మార్చుకుని, ఇంకోసారి కొట్టింది. చెల్లెలు వచ్చి తానూ ఒకసారి చూసి, అక్కని కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టి చేతులతో చెప్పింది: "బీపీ ఉంది. బాగా ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదు?"

"ఎవరూ అడగలేదు" అంది అక్క, చాలా మామూలుగా. ఆ వెంటనే గోడమీది పోస్టరు చూపించింది. రక్తపోటు ఉన్నవారు ఇంట్లోనే తమ బీపీ తాము చూసుకుంటూ, వారం వారం నర్సు సలహాతో మందు సరిచేసుకుంటే, మామూలుగా క్లినిక్‌కి వచ్చి చూపించుకునేవారితో పోలిస్తే ఎలా ఉంటుందో తేల్చే పరిశోధన అది. ఊళ్ళో ఇలాంటి చిన్న క్లినిక్కులన్నీ కలిసి చేస్తున్నాయి. "దీంట్లో నన్ను చేర్చు."

చెల్లెలి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. నర్సు వారం వారం మాట్లాడేది ఫోనులో. అందుకని, చేరేవాళ్ళు ఫోనులో మాట్లాడగలిగి ఉండాలన్నది నిబంధన.

"కుదరదక్కా."

"ఆ నిబంధన నువ్వు రాశావా?"

"లేదు. ఇంతకుముందు జరిగిన పరిశోధన నుంచి తీసుకున్నాం. వాళ్ళు దానికి ముందుదాని నుంచి తీసుకుని ఉంటారు."

"అంటే ఎవరూ రాయలేదు. ఊరికే ఉంది."

చెల్లెలు ఒక్క నిమిషం ఆలోచించింది. "ఊరికే ఉంది" అని ఒప్పుకుంది. ఆ తర్వాత తనని తాను సమర్థించుకోవాలనిపించింది. "అయినా మందు అందరికీ ఒక్కటేగా. మందుకి చెవులతో పనేంటి?"

"మందుకి లేదు. మీకుంది" అంది అక్క. మాత్రల చీటీ తీసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట డాక్టరమ్మకి ముల్లులా దిగింది. చిన్నప్పుడు ఇంట్లో భోజనాల దగ్గర అందరూ ఒక్కసారి గొల్లున నవ్వితే, అక్క పక్కవాళ్ళ చేయి లాగి "ఏంటి? ఏంటి?" అనేది. "తర్వాత చెప్తాలే" అనేవాళ్ళు. ఆ తర్వాత ఎప్పుడూ వచ్చేది కాదు. ఇంట్లో సైగలు బాగా పట్టుబడ్డది చిన్నదానికే కాబట్టి, ఆ చేయి ఎక్కువగా లాగింది చిన్నదాన్నే. అన్నం, నీళ్ళు, బడి, అమ్మ తిడుతుంది, తలుపు మూయి. ఆ ఇంటి సైగలతోనే అక్కాచెల్లెళ్ళ బతుకు ఇంతవరకూ గడిచిపోయింది.

పరిశోధనకి పెద్ద ఒక ప్రొఫెసరు గారు. తెల్లటి కనుబొమలు, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మర్చిపోయే కళ్ళజోడు. మనిషి మంచివాడే కానీ లెక్క తప్పితే కన్నకొడుకునైనా క్షమించడని పేరు. నెలవారీ సమావేశంలో ఆయన ముఖం ఆ రోజు ముడుచుకుని ఉంది. చేరినవాళ్ళు చేరినట్టే జారిపోతున్నారు. నర్సు ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా "పనిలో ఉన్నానమ్మా" అని పెట్టేస్తారు. ఇలాగే సాగితే పరిశోధన నట్టేట మునుగుతుంది.

చిట్టి డాక్టరమ్మ అదే అదననుకుని, అక్క సంగతి చెప్పి తన మాట ఎత్తింది. వినపడనివాళ్ళని చేర్చుకోవాలనీ, ఫోనుకి బదులు వీడియో సందేశాలు పంపుదామనీ.

"చూడమ్మా" అన్నారు ప్రొఫెసరు గారు, "వాళ్ళంటే నాకు చిన్నచూపేమీ లేదు. నా భయం వేరే. ఒక్కొక్కళ్ళకి ఒక్కో పద్ధతి పెట్టామనుకో, రేపు వచ్చిన తేడా వైద్యం వల్లో పద్ధతి వల్లో ఎలా తెలుస్తుంది? పప్పులో కాలేసి, ఆ పప్పే బాగుందని లోకానికి వడ్డించమంటావా?"

"తేడా తెలియాలంటే ముందు వాళ్ళు లెక్కలో ఉండాలి కదా సార్. మనం వదిలేసినా రేపు వాళ్ళకీ ఇదే వైద్యం రాసిస్తాం. వాళ్ళ మీద పనిచేస్తుందో లేదో చూడకుండానే రాసిస్తాం." ఆమె అంతటితో ఆగలేదు. "ఫోన్ ఎత్తనివాళ్ళూ అంతే. మన లెక్కలోంచి పోయారు గానీ వీధిలోంచి పోలేదు సార్. రోజూ నా కళ్ళ ముందే తిరుగుతున్నారు."

ప్రొఫెసరు గారు కళ్ళజోడు కోసం వెతికి, అది నెత్తిమీదే ఉందని తెలుసుకుని, కిందకి దింపుకుని ఆమెను కాసేపు చూశారు.

"సరే. కానీ రెండు షరతులు. మీ అక్కగారికి నువ్వే దుబాసీ అయితే కుదరదు. బయటి మనిషి ఉండాలి. చెల్లెలు అడిగిందని ఎవరూ ఒప్పుకోకూడదు, నిజంగా ఇష్టమైతేనే ఒప్పుకోవాలి. చివర్లో బీపీ చూసేవాళ్ళకి, ఎదుటి మనిషికి ఏ పద్ధతిలో వైద్యం జరిగిందో తెలియకూడదు. ఈ రెండూ చేయగలిగితే ముందు మనుషుల్ని తీసుకురా. వస్తారో రారో చూద్దాం."

వస్తారనే డాక్టరమ్మ ధీమా. మంచి పనికి మనుషులు రాకపోవడమేమిటి?

ఊళ్ళో వినపడనివాళ్ళందరూ సెలవురోజు మధ్యాహ్నం ఒక పాత డాన్సు స్కూలు గదిలో కలుస్తారు. గోడల నిండా అద్దాలు. చేతులతో మాట్లాడుకునేవాళ్ళకి అంతకన్నా మంచి గది దొరకదు. వీపు తిప్పి కూర్చున్నా వెనకవాడి మాట ఎదురుగా కనపడుతుంది. కోర్టులో దుబాసీగా పనిచేసే ఒకావిడని వెంటబెట్టుకుని డాక్టరమ్మ అక్కడికి వెళ్ళింది. ఉత్సాహం ఆపుకోలేక మొదటి నాలుగు మాటలూ తానే సైగలతో మొదలుపెట్టింది. గదంతా నవ్వింది.

"ఏమైంది?" అంది దుబాసీతో.

దుబాసీ మొహమాటపడింది. "మీరు చిన్నపిల్లల సైగలు చేస్తున్నారండి. 'పెద్ద జబ్బు మీద పరిశోధన' అనబోయి, 'అమ్మ తిడుతుంది, తలుపు వెతుకు' అన్నట్టు వచ్చింది."

డాక్టరమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. చేతులు ముడుచుకుని, నోటితోనే చెప్పింది. దుబాసీ చేతుల్లోకి మార్చింది. అంతా అయ్యాక లైటు ఒకసారి ఆరి వెలిగింది. ఆ గదిలో అది "ఆగండి, నేను మాట్లాడాలి" అనడం. లేచినాయన పాత అచ్చాఫీసులో జీవితమంతా పనిచేసిన పెద్దమనిషి. అందరూ ప్రెస్సు తాతయ్య అంటారు.

"డాక్టరమ్మా, మేం కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు ఇలాగే కొందరు వచ్చారు. చెవుల్లో గొట్టాలు పెట్టారు, తలకి తీగలు చుట్టారు, రక్తం తీసుకున్నారు. బిస్కెట్లు పెట్టారు. వెళ్ళిపోయారు. మా గురించి ఏం తెలిసిందో ఇప్పటికీ మాకు తెలియదు. మీరూ బిస్కెట్లు తెచ్చినట్టున్నారు."

తెచ్చింది. బల్లమీద రెండు పొట్లాలు అమాయకంగా కూర్చుని ఉన్నాయి.

డాక్టరమ్మ సాయం కోసం అక్క వైపు చూసింది. అక్క కదల్లేదు. "ఇంట్లో నీ అక్కనే. ఇక్కడ మాత్రం వీళ్ళ మనిషిని" అంది. తర్వాత లేచి అందరి ముందుకీ వచ్చి నిలబడింది. "మేం చేరాలంటే రెండు. మీరు నిర్ణయాలు తీసుకునే చోట మాలో ఒకరు కూర్చోవాలి. చూడ్డానికి కాదు, ఒప్పుకోడానికీ కాదనడానికీ. ఇక, ఫలితాలు వచ్చాక మొదట ఈ గదిలో, మా చేతుల్లో చెప్పాలి. డాక్టర్ల సభలో ఆ తర్వాత."

"అది నా చేతిలో లేదక్కా."

"ఎవరి చేతిలో ఉందో వాళ్ళని అడిగిరా. బిస్కెట్లు తీసుకెళ్ళు."

చిన్నబోయిన ముఖంతో ఇంటికి చేరింది డాక్టరమ్మ. తలా ఒక షరతు పెట్టేవాళ్ళే, మధ్యలో తాను అడకత్తెరలో పోకచెక్క. కోపం కూడా వచ్చింది. కానీ ఆ కోపాన్ని ఎటు తిప్పి చూసినా, అక్క అడిగినదాంట్లో అన్యాయం ఎక్కడా కనపడలేదు. మర్నాడు ప్రొఫెసరు గారికి ఉన్నదున్నట్టు చెప్పింది. బిస్కెట్ల సంగతితో సహా.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "మొదటిది సులువు, ఇంకో కుర్చీ వేస్తే సరి" అన్నారు. "రెండోది... ఇన్నేళ్ళలో ఇన్ని పరిశోధనలు చేశాను. 'మా ఒంట్లో ఏం చూశారు, మాకు ముందు చెప్పండి' అని ఒక్కళ్ళు అడగలేదు. అడిగే వీలు నేనివ్వలేదేమో." ఆమె వైపు తిరిగారు. "ఒప్పుకున్నానని చెప్పు. ఆ బిస్కెట్లు ఇంకా ఉన్నాయా?"

అలా తాళాలక్క పెద్దల బల్ల దగ్గర కూర్చుంది.

మొదటి సమావేశంలోనే బల్ల అదిరింది. ప్రొఫెసరు గారికి బోర్డు మీద రాస్తూ, బోర్డుతోనే మాట్లాడే అలవాటు. ఎంత మంచి దుబాసీ అయినా గోడకి చెప్పే గొణుగుడిని చేతుల్లోకి మార్చలేదు. అక్క అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చింది. టీ కప్పులు ఎగిరిపడ్డాయి. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. "ఇటు తిరిగి మాట్లాడండి" అంది అక్క. లెక్కలు చూసే కుర్రాయన తలొంచుకుని, "నాకు కూడా ఇన్నాళ్ళూ ఏమీ వినపడలేదు సార్, చెప్పడానికి భయమేసింది" అన్నాడు. ఆ రోజు మొదలు ఆయన ఇటు తిరిగే మాట్లాడారు.

ఇక ప్రశ్నల పని. నర్సు వారం వారం అడిగే ప్రశ్నల్ని సైగల్లో వీడియో తీయాలి. అద్దాల గదిలో కెమెరా పెట్టారు. దుబాసీ కాగితం చూసి మొదటి ప్రశ్నని మాటకి మాటగా చేసి చూపించింది: తల తిరుగుతోందా?

ముందు వరసలో కూర్చున్న బావ తలని ఎడమకి తిప్పాడు. కుడికి తిప్పాడు. వెనక్కి కూడా తిప్పబోయి మెడ పట్టేసినట్టు ముఖం పెట్టాడు. "తిరుగుతోంది మరదలా! ఇంజను ఆయిల్ వెయ్యక్కర్లేదు, భేషుగ్గా తిరుగుతోంది."

గది గదంతా తలలు తిప్పడం మొదలుపెట్టింది. అద్దాల్లో ఇంకో గది నిండా తలలు తిరిగాయి. డాక్టరమ్మ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది.

తర్వాతి ప్రశ్న, గుండె దడదడలాడుతోందా?

"దడదడ అంటే?" అన్నాడు ప్రెస్సు తాతయ్య.

"చప్పుడండీ" అంది డాక్టరమ్మ. అనేసి నాలుక కరుచుకుంది.

"చప్పుడైతే మీరే వినిపెట్టండి, మాకు తీరిక లేదు" అన్నాడు తాతయ్య. మళ్ళీ గొల్లుమన్నారు.

నవ్వులు సద్దుమణిగాక పని మొదలైంది. తల తిరగడానికి అక్క ఒక సైగ కట్టింది: లేచి నిలబడ్డ మనిషి, కాళ్ళ కింద నేల పడవలా ఊగడం. దడకి గుప్పిట గుండెమీద పెట్టి, పరిగెత్తించింది. ఒకరు చేస్తే ఇంకొకరు కాదన్నారు. ముసలివాళ్ళకి అర్థమైంది కుర్రవాళ్ళకి కాలేదు. వాదించుకుని, చేసి, చెరిపి, అన్ని ప్రశ్నలూ పూర్తయ్యేసరికి వాన వెలిసి సాయంత్రపు ఎండ అద్దాల మీద పడింది.

ఈ ముచ్చట క్లినిక్‌లో చెబుతుంటే నర్సు నవ్వలేదు. ఏదో గుర్తొచ్చినట్టు లేచి, పక్కనున్న బట్టలుతికే షాపులోకి వెళ్ళి అక్కడ ఇస్త్రీ చేసే ఆవిడని పిలుచుకొచ్చింది. ఆవిడది వేరే దేశం, వేరే భాష. ఇక్కడి మాట ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. పరిశోధనలో మొదటినుంచీ ఉంది.

"అమ్మా, నేను ఫోనులో తల తిరుగుతోందా అని అడిగితే, ప్రతివారం తిరుగుతోందనే చెప్పారు కదా. నిజంగా ఏమవుతోంది?"

ఆవిడ వింతగా చూసింది. "తల తిరగకపోతే పక్కన వచ్చే బండి ఎలా చూస్తాను?"

నర్సు మెల్లగా డాక్టరమ్మ వైపు చూసింది. ఆవిడకి మందు తగ్గించాలని ఆ వారమే అనుకున్నారు. బీపీ అదుపులోకి రాకముందే.

ఇది విన్న ప్రొఫెసరు గారు నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. "తూకం చెడుతుందని భయపడ్డాను. తక్కెడే వంకరగా ఉంది" అన్నారు. ఆ రోజే అందరికీ ఉత్తర్వు వెళ్ళింది: ప్రశ్నలన్నీ బొమ్మలతో, చేసి చూపించే వీడియోలతో, ఎవరి భాషలో వాళ్ళకి మళ్ళీ తయారుచేయాలి. ఫోను ఒకటే దారి కాదు. సందేశం పంపచ్చు, వీడియో పంపచ్చు, వాళ్ళకి వీలైన వేళ జవాబివ్వచ్చు. జారిపోయినవాళ్ళలో సగం మంది రాత్రి పనివాళ్ళని అప్పుడు బయటపడింది. నర్సు ఫోను వాళ్ళని నిద్రలోంచి లేపేదట. బస్సు నడిపే ఒకాయన అయితే, డ్యూటీ దిగగానే బీపీ అంకెతో పాటు ఒక జోకు కూడా పంపేవాడు. నర్సు అంకె రాసుకుని జోకుని వీధంతా పంచేది. ఫోను భర్త చేతిలో ఉండడంతో మాట్లాడలేకపోయిన ఆడవాళ్ళు, క్లినిక్ గుమ్మంలోనే పెట్టిన చిన్న వీడియో తెర ముందు కూర్చుని జవాబు చెప్పేవారు. జారినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు.

అంతా సాఫీగా సాగుతోందనుకుంటుండగా ఒక ఉదయం నర్సు ఫోనులోకి ప్రెస్సు తాతయ్య వీడియో వచ్చింది. తాతయ్య గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో చేతిని చాపి, నేల పడవలా ఊగే సైగ చేశాడు. ఇంకోసారి చేయబోయి కూర్చుండిపోయాడు.

నర్సు కేకేసింది. డాక్టరమ్మ మెడలో స్టెతస్కోపు మెడలోనే ఉండగా పరిగెత్తింది. తాతయ్య ఇల్లు రెండు వీధుల అవతల. ఆమె వెళ్ళేసరికి తాతయ్య మంచం పక్కన నేలమీద చతికిలబడి, చెమటలు కక్కుతున్నాడు. బీపీ బాగా పడిపోయింది. మందు మోతాదు ఆయన ఒంటికి ఎక్కువైంది. పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టి, నీళ్ళు తాగించి, అంకె మెల్లగా పైకి వచ్చేదాకా ఆయన చేయి వదల్లేదు. మందు తగ్గించి రాసింది.

కానీ కబురు దావానలంలా పాకింది. సెలవురోజు అద్దాల గదిలో చేతులన్నీ మండిపడుతున్నాయి. "మన మీద ప్రయోగాలు చేస్తున్నారు." "ముసలాయన ప్రాణం పోయేది." "అందరం మానేద్దాం." అక్క ముందు నిలబడి ఎంత చెప్పినా ఎవరూ చూడడంలేదు. చూపు తిప్పుకుంటే ఆ గదిలో చెవులు మూసుకున్నట్టే. డాక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు.

లైటు ఆరి వెలిగింది. ఆరి వెలిగింది. స్విచ్చి దగ్గర ప్రెస్సు తాతయ్య. బావ భుజం ఆసరాగా నడిచి మధ్యలోకి వచ్చాడు.

"నా గురించే కదా గొడవ, నన్ను చెప్పనివ్వండి. కళ్ళు తిరిగాయి. నిజమే. మందు ఎక్కువైంది. అదీ నిజమే. కిందటేడు కూడా ఒకసారి తిరిగాయి, బస్టాపులో. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. ఈసారి చెప్పాను. నా సైగలో చెప్పాను. చెప్పి మంచినీళ్ళ గ్లాసు అందుకునేలోపు ఈ పొట్టావిడ రొప్పుకుంటూ నా ముందుంది." తాతయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "మీలో ఎవరైనా చెప్పండి. ఇంతకుముందు మనం చెబితే ఎవరైనా పరిగెత్తుకొచ్చారా? నేను మాత్రం మానను."

గదిలో చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి. అక్క తలుపు వైపు తిరిగి, "ముక్కుచీదీ, ఎందుకక్కడ దాక్కున్నావు? లోపలికి రా" అంది. చిన్నప్పుడు ఎప్పుడూ జలుబుతో ఉండేది కాబట్టి, ముక్కు తుడుచుకునే సైగే డాక్టరమ్మకి అక్క పెట్టిన పేరు. ఆ రోజు గదంతా ఆ పేరుతోనే పిలిచింది. ముసలివాళ్ళకి మొదట తక్కువ మోతాదు, మొదటి రోజుల్లో ఎక్కువసార్లు పలకరింపు అని అక్కడే నిర్ణయించారు. ఆ మాట అక్క పెద్దల బల్ల దగ్గర పెట్టింది. ప్రొఫెసరు గారు మారు మాట్లాడకుండా అన్ని క్లినిక్కులకీ పెట్టారు. ఒక్కరు కూడా మానలేదు.

పరిశోధన ముగిసి ఫలితాలు వచ్చే రోజున అద్దాల గదిలో కాలు పెట్టే సందు లేదు. ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చింది, బస్సు డ్రైవరు నిద్రమానుకుని వచ్చాడు. ప్రొఫెసరు గారు మూడో వరసలో, తనకంటే లావుపాటి ఒక బేకరీ పనివాడి పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఆయనకి సైగలు రావు కాబట్టి దుబాసీ ఆయన చెవిలో చెప్పాలి. ఆ రోజు దుబాసీ అవసరమైంది ఆయనకీ, ఆయనతో వచ్చిన పెద్ద డాక్టర్లకీ.

అక్క ముందుకొచ్చింది. ఇస్త్రీ మడతలు చెదరని నీలం చొక్కా వేసుకుంది. ఫలితాలు ఆమెకి ముందే తెలుసు, లెక్కల దగ్గర కూర్చుంది కదా.

"మన బీపీలు తగ్గాయి" అంది అక్క. "వినపడేవాళ్ళకి ఎంత తగ్గాయో మనకీ అంతే తగ్గాయి. ఏ పద్ధతో తెలియనివాళ్ళు చూసి చెప్పిన అంకెలు ఇవి, కాబట్టి ఎవరూ మనకోసం అంకెలు దిద్దలేదు. ఈ వైద్యం మన మీదా పనిచేస్తుంది. ఇప్పుడది ఊహ కాదు." ఆగి, ఊపిరి తీసుకుంది. "ఇంకొకటి. మనకోసమని మార్చిన పద్ధతి అందరికీ పెట్టాక, మధ్యలో మానేసేవాళ్ళు బాగా తగ్గారు. మునిగిపోతుందనుకున్న పరిశోధన ఒడ్డుకి చేరింది. ఒడ్డుకి చేర్చింది ఈ గది."

కాళ్ళు నేలని తన్నడం మొదలుపెట్టాయి. చెక్క నేల మద్దెలలా మోగి, ఆ అదురు అందరి ఒంట్లోకీ పాకింది. ప్రెస్సు తాతయ్య చేతికర్రతో కొడుతున్నాడు. బావ బేకరీ బూట్లతో ఎగురుతున్నాడు. ప్రొఫెసరు గారు అటూ ఇటూ చూసి, తానూ బూటు కాలితో నేల తన్నారు. మొదట మర్యాదగా, తర్వాత చిన్నపిల్లాడిలా. చిట్టి డాక్టరమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. అక్క వచ్చి చెల్లెల్ని నేలమీంచి ఎత్తేసి గిర్రున తిప్పింది.

అదురు ఆగాక ప్రొఫెసరు గారు లేచారు. తడబడుతూ చేతులెత్తి, దుబాసీ దగ్గర నేర్చుకున్న ఒక్క వాక్యం చేశారు. వేళ్ళు మొరాయించాయి, ఒక సైగ మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టారు. గదంతా ఓపిగ్గా ఆగింది.

"తర్వాతి పరిశోధన దేనిమీదో మీరు చెప్పండి."

ఎటు చూసినా చేతులు లేచాయి. డాక్టరమ్మ కూడా ఉత్సాహంగా చెయ్యెత్తింది. అక్క ఆమెను చూసి, "వరసలో ఉన్నావు, ఆగు" అని, గోడవారగా కూర్చున్న ఒక యువతిని ముందుకి పిలిచింది. నెలలు నిండుతున్న పొట్ట. నెమ్మదిగా లేచి, ఒక చేత్తో నడుం పట్టుకుని నిలబడింది. మాట్లాడాలంటే ఆ చేయి కూడా కావాలి కాబట్టి నడుం వదిలేసింది.

"కిందటిసారి పురిట్లో నా రెండు చేతులకీ సూదులు గుచ్చి, కదల్చకుండా కట్టేశారు. సెలైన్ ఎక్కాలి కదా అన్నారు. నొప్పి ఎక్కడో చెప్పడానికి నాకు మాట లేకుండా పోయింది." ఆమె తన చేతుల్ని అందరికీ చూపించింది. "ఈసారి ఒక్క చేయైనా వదిలిపెడితే బిడ్డకీ నాకూ ఎంత మేలో, అది కనుక్కోండి."

ప్రొఫెసరు గారు కళ్ళజోడు సరిచేసుకుని, దుబాసీ చెప్పింది చివరిదాకా విన్నారు. "దీంతోనే మొదలుపెడదాం" అన్నారు. "కానీ ముందు, అమ్మా, మా బల్ల దగ్గరి ఆ కుర్చీలో ఈసారి మీరు కూర్చుంటారా?"

ఆమె కూర్చుంటానంది. రెండు చేతులతోనూ అంది.